పాట కింద మా పేర్లు వేయండి: తెలుగు సంగీత పరిశ్రమ పెద్దలకు గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

సంగీత దర్శకులకు, నిర్మాతలకు, ఆడియో కంపెనీల యాజమాన్యాలకు, పేరున్న పాటల రచయితలకు, గాయనీ గాయకులకు నమస్కారం.

నాది అంబాజీపేట మండలంలో ఒక ఊరు. పాటలు రాస్తాను, పెద్ద గాయకులు విని నేర్చుకునేందుకు ముందుగా ట్రాకులు పాడతాను, కోరస్‌కి పిలిస్తే హైదరాబాద్ వస్తాను. ఈ పనిలో దిగి ఇరవై ఏళ్లు దాటింది. నేను రాసిన పల్లవులు మీ ఇళ్లల్లో వినిపించే ఉంటాయి. నా పేరు మాత్రం మీరు విని ఉండరు, ఎందుకంటే అది ఎక్కడా వేయలేదు. నా ఒక్కడి బాధే అయితే ఇలా పదిమందిలో పెట్టేవాణ్ణి కాదు. రాజమండ్రి, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, నరసాపురం చుట్టుపక్కల ఇదే పని మీద ఇల్లు నడుపుకుంటున్నవాళ్లు చాలామందిమి ఉన్నాం.

ముందు మర్యాదగా ఉత్తరాలే రాశాం. ఒక ఆడియో కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. ఒక కో-ఆర్డినేటర్‌ని అడిగితే, "ఇవన్నీ పెట్టుకుంటే రేపు ఇంకొకళ్లని పిలుస్తారు, నీ ఇష్టం" అన్నాడు. ఈ ఉత్తరం కింద నా పేరు లేకపోవడానికి కారణం ఆ మాటే. పేరు వేయమని అడిగేవాడు పేరు దాచుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. పేరు పెడితే మర్నాటి నుంచి నాకు ఫోన్ రాదు. నాతో కలిసి ఈ ఉత్తరం రాయించిన కోరస్ అమ్మాయిలకీ రాదు. ఇంట్లో పిల్లల ఫీజులు కట్టాలి.

పాట ఎలా తయారవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది చదివే శ్రోతల కోసం చెబుతున్నాను.

ట్యూన్ వాట్సాప్‌లో వస్తుంది. సంగీత దర్శకుడో ఆయన అసిస్టెంటో "తననన" అంటూ పాడిన ముక్క. కింద సందర్భం ఒక్క లైనులో ఉంటుంది: పెళ్లిచూపులు, కొబ్బరితోట, గోదారి యాస కావాలి, రాత్రికి పంపండి. నాలుగైదు పల్లవులు రాసి పంపుతాం. దీన్ని డమ్మీ లిరిక్ అంటారు. ట్యూన్‌కి సరిపడే మాటలు పడితే చాలు, అసలు సాహిత్యం తర్వాత పెద్ద రచయిత రాస్తారని చెబుతారు. చాలాసార్లు నిజంగానే ఆయన కొత్తగా రాస్తారు, అప్పుడు మాకు ఏ పేచీ లేదు. కొన్నిసార్లు మాత్రం పల్లవి మాదే ఉండిపోతుంది. చరణంలో రెండు లైన్లు మారతాయి. పాట విడుదలయ్యాక కింద ఒక్క పేరే ఉంటుంది. ఆ పేరు గల రచయితకు మా సంగతి తెలియకపోవచ్చు కూడా. ఆయన దగ్గరికి ఆ పల్లవి "డైరెక్టర్ గారికి నచ్చిన లైన్" అని వెళుతుంది.

తర్వాత ట్రాక్. మా వైపు రికార్డింగ్ గది అంటే చాలాచోట్ల ఎవరింటి మేడ మీదో ఉన్న గదే. గోడలకు ఫోమ్, కిటికీకి పాత బొంత, తలుపు సందులో గుడ్డలు. రోడ్డు మీద హారన్లు, పక్కింటి నీళ్ల మోటారు ఆగాక రాత్రి పది తర్వాత మొదలుపెడతాం. మైకులో హోరు పడుతుందని ఫ్యానూ ఏసీ రెండూ ఆపేస్తాం. వైశాఖంలో డెల్టా ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ గదిలో అరగంట అంటే ఏమిటో తెలుసు. చెమట కళ్లలోకి కారుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటూ ఒక్కో లైను మళ్లీ మళ్లీ పాడతాం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఏ అక్షరం మీద సంగతి (రాగపు మెలిక) వేయాలి, ఏ మాట దగ్గర గొంతు కాస్త తగ్గించాలి, అన్నీ అక్కడే తేలతాయి. ఆ ట్రాక్ చెన్నైకో ముంబైకో వెళుతుంది. తెలుగు రాని గాయకులైతే సాహిత్యం హిందీ అక్షరాల్లో రాసి పంపేది మేమే. "కళ్ళు" అనేటప్పుడు నాలుక ఎక్కడికి మడవాలో, "వాన"లో న, "వీణ"లో ణ ఎలా వేరో వీడియో కాల్‌లో పాడి చూపించేదీ మేమే. ఆ గాయకుల మీద మాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది శ్రద్ధగా నేర్చుకుంటారు.

పని అయ్యాక ఒక ఓచర్ మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టించుకుంటారు. నా దగ్గర ఉన్న నకళ్లు తీసి చూస్తే అన్నిటిలోనూ వివరం అనే గడిలో "ట్రాక్ ఛార్జీలు" అనే ఉంది. రాసినందుకు అని ఒక్కదాంట్లోనూ లేదు. పాట పేరు లేదు. సినిమాకి అప్పటికి టైటిల్ పెట్టరు కాబట్టి "ప్రొడక్షన్ నంబర్ 2" అనో "3" అనో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో, సమస్త హక్కులూ వదులుకున్నట్టు ఒక వాక్యం. ఈ మధ్య ఆ ఓచర్ కూడా లేదు, ఫోన్‌పేలో డబ్బు పడుతుంది, అంతే.

సినిమాలే కాదు. ఎన్నికలొస్తే అభ్యర్థుల పాటలు, కార్తీకంలో అయ్యప్ప పాటలు, డిసెంబరులో క్రిస్మస్ పాటలు, జాతర పాటలు, యూట్యూబ్ ఛానళ్ల జానపదాలు, అన్నీ ఈ మేడ గదుల్లోనే తయారవుతున్నాయి. డబ్బు పెట్టినవారి పేరు రచయితగా పడటం వీటిలో మామూలైపోయింది.

తెర వెనుక పనిచేయడం తప్పని మేం అనడం లేదు. ఎంతోమంది గాయకులు అక్కడి నుంచే పైకొచ్చారు. మనో గారు సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా ఉండి పెద్ద గాయకుడయ్యారు. ఇప్పుడు తెర వెనుక ఉన్నవాడు జీవితాంతం అక్కడే ఉండిపోతున్నాడు, ఎందుకంటే నిన్న ఫలానా పాట నేను పాడానని రేపు ఇంకో సంగీత దర్శకుడికి చూపించడానికి వాడి చేతిలో ఏమీ లేదు.

ఇక చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. అది ఆ ఏడాది జూన్ 21 నుంచి అమల్లో ఉంది. సినిమాకు రాసిన పాటను థియేటర్లో ఆ సినిమాతో పాటు కాకుండా మరెక్కడ వాడినా, వచ్చే రాయల్టీని హక్కులు కొన్నవారితో సమానంగా పంచుకునే హక్కు రచయితకు, స్వరకర్తకు ఉంది. వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ వాటాను ఇంకెవరికి రాసిచ్చినా చెల్లదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. గడువు రాయకపోతే అది 5 ఏళ్లే. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. అంటే ఓచర్ కింద ఉన్న ఆ చిన్న అక్షరాల వాక్యం మీరు అనుకున్నంత గట్టిది కాదు.

పాడేవాళ్ల దగ్గరికొచ్చేసరికి అదే చట్టంలో ఒక తలుపు మూసి ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన ఏదో సందర్భవశాత్తూ వచ్చినదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా వారి పేరు వేయకపోతే, వారిని చట్టం ప్రదర్శకులుగా లెక్కలోకి తీసుకోదు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. దయచేసి ఈ ఒక్క విషయం మీద మనసు పెట్టండి. పేరు వేయకపోవడం ఇక్కడ గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. పేరు వేయని ఆనవాయితీయే రేపు మాకు హక్కు లేదనడానికి ఆధారమవుతోంది. మేము పేరు అడిగేది గొప్ప కోసమని మీలో కొందరు అనుకుంటున్నారు. పేరు దగ్గరే రాయల్టీ, రుజువు, పింఛను అన్నీ ఆగిపోతున్నాయి.

మా అంబాజీపేటకు దగ్గర్లోనే నందంపూడి ఉంది. రాజరాజ నరేంద్రుడు 1053లో ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనం రాసింది నన్నయ. మహాభారతం తెలుగు చేసేటప్పుడు తనకు తోడ్పడినవాడు నారాయణభట్టు అని నన్నయ కావ్యం మొదట్లోనే పద్యం పెట్టి మరీ చెప్పుకున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎలా తోడున్నాడో అలా అన్నాడు. సాయం చేసినవాడి పేరు చెప్పినందుకు ఆదికవి స్థానం తగ్గిందని వెయ్యేళ్లలో ఎవరూ అనలేదు. తెలుగు కవిత్వం ఆ మర్యాదతోనే మొదలైంది. గోదావరి ఒడ్డునే మొదలైంది. మీరు మాకు కొత్త పద్ధతేమీ పెట్టనక్కర్లేదు.

పేరు లేకపోవడం వల్ల మా ఇళ్లల్లో ఏం జరుగుతోందో చెబుతాను.

1. పని చేశామన్న రుజువు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది, మంచి పని. తెర వెనుక పాట రాసేవాడికి, పాడేవాడికి అలాంటిది అడగడానికి చేతిలో రుజువు లేదు. 60 ఏళ్లు దాటిన కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ సహాయ పథకం ఉంది. దరఖాస్తుకి కళారంగంలో చేసిన పనికి ఆధారాలు జతచేయాలి. మేము ఏం జతచేయాలి? "ప్రొడక్షన్ నంబర్ 3" అన్న ఓచరా? మా వైపు కౌలు రైతు సంగతి మీకు తెలుసు. చేను దున్నేది, నాటేది, కోసేది ఆయన. కౌలు కార్డు లేకపోతే తుపాను పరిహారం భూమి యజమాని ఖాతాలో పడుతుంది. పాటల్లో మాది అదే బతుకు.

2. మనిషి పోతే ఇంటికి ఏమీ మిగలదు. చట్టం ప్రకారం పాట మీద హక్కు రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. మా పక్క ఊళ్లో ఒక రచయిత ఉండేవాడు, నాకు అన్నలాంటివాడు. ఆయన రాసిన పెళ్లిపాట ఇప్పటికీ ముహూర్తాలొచ్చాయంటే ప్రతి పందిట్లోనూ మోగుతుంది. ఆయన భార్య కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో రోజుకూలీకి వెళుతోంది. వేరే ఇంట పెళ్లిలో ఆ పాట వచ్చినప్పుడు వదిన వడ్డన మధ్యలో ఆగి వింటుంది. పక్కనున్నవాళ్లకు చెబితే నమ్మరని ఊరుకుంటుంది. ఆ పాటకు వేరొకరి పేరు ఉంది. కాపీరైట్ సొసైటీకి వెళదామంటే ఆయన రాసినట్టు మా దగ్గరున్నది ఒక నోట్‌బుక్కు. చేతిరాత, కొట్టివేతలు, పక్కన టీ మరకలు. అది చాలదన్నారు. వదినకు ఇది చెప్పింది నేనే. ఆవిడ ఆ పుస్తకం తీసుకెళ్లి మళ్లీ బీరువాలో పెట్టుకుంది.

3. మా పాట మేము పాడుకోలేకపోతున్నాం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మావాడొకడు తాను రాసిన పాటే పాడి, వీడియో యూట్యూబ్‌లో పెట్టాడు. కాపీరైట్ క్లెయిమ్ వచ్చి శబ్దం ఆగిపోయింది. పాట ఒక ఛానల్ పేరున నమోదై ఉంది. అభ్యంతరం పెడదామంటే వాడి దగ్గర కాగితం లేదు, పెట్టి ఓడిపోతే ఛానలే పోతుందని భయం.

4. ఆడపిల్లలు ఈ పని మానేస్తున్నారు. కోరస్‌కి పిలుపొస్తే అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, కోనసీమకు రైలు లేదు కదా. రాత్రి ప్రయాణం, పగలంతా స్టూడియో, మళ్లీ రాత్రి ప్రయాణం. "మా అమ్మాయి ఫలానా పాటలో పాడింది" అని తండ్రి నలుగురికీ చూపించగలిగితే పంపిస్తాడు. పేరే కనపడని పనికి రాత్రిళ్లు ఎందుకు తిరగాలని అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. మంచి శ్రుతి ఉన్న ఇద్దరు అమ్మాయిలు మా బృందంలోంచి అలా మానేసి బట్టల షాపులో చేరారు.

5. ఇప్పుడు గొంతు కూడా పోతోంది. ట్రాక్ పాడించుకుని, దాని మీద ఏఐతో ఇంకొకరి గొంతు తొడుగుతున్నారు. ఊపిరి మాదే, సంగతులు మావే, విరుపులు మావే. పైన వినపడే గొంతు వేరే. 2024 మొదట్లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఏఐతో సృష్టించి అనుమతి లేకుండా సినిమాలో వాడారని ఆయన కుమారుడు చరణ్ గారు లీగల్ నోటీసు ఇచ్చారు. అదే ఏడాది జూలైలో అరిజిత్ సింగ్ గారి గొంతును, పాడే తీరును అనుమతి లేకుండా ఏఐతో అనుకరించకూడదని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరున్న గొంతుకు కోర్టు అడ్డం నిలబడింది, సంతోషం. ఆ గొంతు కింద అసలు పాడిన మనిషి సంగతి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి.

1. పాటలో మా సాహిత్యం ఒక్క లైను మిగిలినా "అదనపు సాహిత్యం" అని పేరు వేయండి. ట్రాక్ పాడినవారి పేరు, కోరస్‌లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు వేయండి. "కోరస్ బృందం" అని సరిపెట్టవద్దు. సినిమా టైటిల్స్‌లో చోటు లేదంటారు. యూట్యూబ్‌లో పాట కింద వివరాల్లో, పాటల యాప్‌ల క్రెడిట్స్‌లో చోటుకి కరువు లేదు. టైప్ చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు.

2. పని మొదలుపెట్టే ముందే తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. ఏ పాట, ఏం పని, ఎంత డబ్బు, ఎప్పటిలోగా, పేరు ఎక్కడ పడుతుంది. సినిమా టైటిల్ ఖరారయ్యాక దాన్ని ఆ కాగితం మీద చేర్చి నకలు పంపండి. ఫోన్‌పే మెసేజీ ఒప్పందం కాదు.

3. మా మాటలు పాటలో ఉంటే, పాటను రచయితల, స్వరకర్తల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో నమోదు చేసేటప్పుడు మమ్మల్ని సహ రచయితలుగా, న్యాయమైన వాటాతో చేర్చండి. ఎంత వాటా అన్నది కూర్చుని మాట్లాడుకుందాం. సగం కావాలని మేం పట్టుపట్టడం లేదు.

4. మా ట్రాక్ మీద ఏఐ గొంతు వాడాలనుకుంటే ముందు అడగండి, రాతలో ఒప్పుకోలు తీసుకోండి, దానికి వేరే పారితోషికం ఇవ్వండి. మా రికార్డింగులతో ఏఐకి శిక్షణ ఇవ్వడం మా అనుమతి లేకుండా వద్దే వద్దు.

5. ఇప్పటికే విడుదలైన పాటల్లో దిద్దుబాటు కోసం ప్రతి కంపెనీ ఒక మనిషిని, ఒక చిరునామాను పెట్టాలి. మేము తెచ్చే నోట్‌బుక్కులు, వాయిస్ మెసేజీలు, తేదీలున్న వాట్సాప్ చాట్లు పరిశీలించి మూడు నెలల్లో అవునో కాదో చెప్పాలి. పాత డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు పేరు దిద్దండి. పీచు ఫ్యాక్టరీకి వెళుతున్న వదిన లాంటివాళ్ల పేరున వారసుల దరఖాస్తు నడిచేటట్టు ఒక ధ్రువపత్రం ఇవ్వండి.

6. పేరున్న రచయితలకు, గాయకులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీ చేతికి వచ్చిన పల్లవి ఎవరిదని ఒక్కసారి అడగండి. మీరు విని నేర్చుకున్న ట్రాక్ ఎవరు పాడారో ఒక్క ఇంటర్వ్యూలో చెప్పండి. మేము చెబితే బెదిరింపు అంటారు. మీరు చెబితే వింటారు.

7. ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. గాయకుల హక్కుల సంఘం ఇస్రా (ఇప్పటి పేరు ఇసామ్రా) 2013లో వచ్చింది. మావాళ్లలో చాలామంది ఆ పేర్లు కూడా వినలేదు. సభ్యత్వ ఫారాలు తెలుగులో ఇవ్వండి, ఏడాదికొకసారైనా రాజమండ్రిలోనో భీమవరంలోనో శిబిరం పెట్టండి. మేము హాలు చూస్తాం, భోజనాలు చూస్తాం.

8. రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు గుర్తింపు ఇచ్చినట్టే పాటల రచయితలకు, తెర వెనుక గాయకులకు జిల్లా స్థాయిలో గుర్తింపు కార్డులు ఇవ్వాలి. సినిమాలకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలను, అందులో పాటలకు పనిచేసిన వారందరి పేర్లూ వేసిన సినిమాలకే ఇవ్వాలి.

వీటిలో మొదటి రెండింటికి మీకు పైసా ఖర్చు లేదు. రేపు రికార్డింగ్ చేసే పాట నుంచే మొదలుపెట్టవచ్చు. "అందరి పేర్లూ వేస్తే పాటకున్న విలువ పోతుంది, పెద్ద పేరు మీదే అమ్ముడవుతుంది" అని ఒక నిర్మాత నాతో అన్నారు. పెద్ద పేరు తీసేయమని మేం అనలేదు. దాని కింద ఇంకో లైను అడుగుతున్నాం.

సంక్రాంతి దాకా మీ జవాబు కోసం చూస్తాం. మీలో ఎవరు మాట్లాడదామన్నా అమలాపురం వచ్చినా సరే, మమ్మల్ని హైదరాబాద్ రమ్మన్నా సరే, వస్తాం. మీరు చెప్పేది కూడా వింటాం, మాకు తెలియని ఇబ్బందులు మీకూ ఉండవచ్చు. పండగ దాటినా ఏ కబురూ లేకపోతే, మా దగ్గరున్న ఓచర్లు, నోట్‌బుక్కుల నకళ్లతో కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళతాం. అక్కడి రసీదు తీసుకుని, ఉచిత న్యాయ సహాయం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడతాం. ఆ కాగితాల మీద మా అందరి పేర్లూ సంతకాలూ ఉంటాయి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో పాటలు రాసి, పాడి, తెర వెనుక ఉన్నవారి తరఫున
అంబాజీపేట మండలానికి చెందిన ఒక రచయిత, గాయకుడు